సౌర విద్యుత్తు: ట్రాన్స్‌ఫార్మరునకు రెండువైపుల కావలి

గ్రామమునకు విద్యుద్దీపము వచ్చుటయే ఒక గొప్ప విశేషముగా నెంచబడిన కాలము గతించినది. నేడు మన గ్రామములు విద్యుచ్ఛక్తిని వాడుకొనుటతో తృప్తి చెందక, దానిని స్వయముగా ఉత్పత్తి చేయుటకు గూడ పూనుకొనుచున్నవి. పంచాయతీ కార్యాలయముల మీదను, పాఠశాలల మీదను, గృహస్థుల డాబాల మీదను సౌరఫలకములు వెలయుచున్నవి. 2019వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. కుసుమ్ పథకములో, 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు గల సౌర విద్యుత్కేంద్రములను బీడు భూములలో నెలకొల్పుటకు రైతులతోను, సహకార సంఘములతోను పాటు పంచాయతీలకు గూడ అవకాశము కల్పింపబడినది. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము ఇండ్ల కప్పుల మీది సౌర విద్యుత్తునకు ప్రోత్సాహమిచ్చినది.

సౌరఫలకములు అందరి కంటికి ఆనును. ప్రారంభోత్సవము నాటి ఛాయాచిత్రములలో కానవచ్చునవి ఆ ఫలకములే. ఒక మూలగా, కంచె లోపల, నూనెతో నిండి, సన్నగా రొద చేయుచు నిలిచియుండు ట్రాన్స్‌ఫార్మరును గూర్చి తలచువారు తక్కువ. కాని ఆ ఒక్క యంత్రము చెడినచో ఎన్ని ఫలకములున్నను ఫలమేమియు లేదు. దానిని కాపాడు ఫ్యూజులును, రిలేలును, స్విచ్చులును ఏమి పని చేయునో, సౌర విద్యుత్తు వచ్చిన పిమ్మట ఆ రక్షణలో ఏ మార్పు అవసరమైనదో పంచాయతీ సభ్యులకు తెలియజెప్పుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఒక గ్రామములో మేము చూచినది

కొంతకాలము క్రిందట మేము ప్రచార పర్యటనలో ఒక గ్రామమునకు వెళ్ళితిమి. అవి వరి పొట్టకు వచ్చిన రోజులు. పంచాయతీ కార్యాలయపు కప్పు మీద 10 కిలోవాట్ల సౌరఫలకములు మిట్టమధ్యాహ్నపు ఎండలో మెరయుచుండెను. కాని లోపల పంకా తిరుగుట లేదు. మంచినీటి పథకపు మోటారు ఆగి మూడు దినములయ్యెను. స్త్రీలు బిందెలతో పొలములోని చేదబావికి నడచుచుండిరి. విచారింపగా, గ్రామమునకు విద్యుత్తునిచ్చు 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినదని తెలిసినది. దానిని ట్రాక్టరు మీద మరమ్మతు కేంద్రమునకు పంపి, అది తిరిగి వచ్చు దినమునకై ఊరంతయు ఎదురుచూచుచుండెను.

సర్పంచి గారు మమ్ము చూడగనే, "అయ్యా! పైన సూర్యుడున్నాడు, పలకలున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు కాలితే మా కప్పు మీది కరెంటు మాకెందుకు రాదు? ఆమాట ఎవరూ చెప్పరేం?" అని యడిగిరి. ఆమె ప్రశ్న సమంజసమైనదే. ప్రక్కనున్న పెద్దవయస్సు సభ్యులొకరు, "ఫ్యూజు మాటిమాటికీ పోతూ వుంటే లావు తీగ వేయించాం. పోవడం మానింది. మేం చేసిన తప్పు అదొక్కటే!" అనిరి. ఆయన మాటలో అపరాధభావము లేదు. పొలములెండుచుండగా ఊరికి మేలు చేసితినను నమ్మకమే యున్నది.

ఈ రెండు మాటలకు సమాధానము చెప్పగలిగినచో, ట్రాన్స్‌ఫార్మరు రక్షణ యొక్క సారమంతయు చెప్పినట్లే యగును.

ట్రాన్స్‌ఫార్మరు చేయు పని

ఒక తీగచుట్టలో మారుచుండు విద్యుత్ ప్రవాహము, దాని చెంతనున్న మరియొక చుట్టలో విద్యుత్తును పుట్టించునని 1831లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే కనుగొనెను. ట్రాన్స్‌ఫార్మరు ఆ సూత్రము మీదనే పని చేయును. ఇనుప రేకుల దిమ్మె చుట్టును రెండు తీగచుట్టలుండును. ఒకదానికి ఎక్కువ వోల్టేజి, రెండవదానికి తక్కువ వోల్టేజి. మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టుల విద్యుత్తును గ్రహించి 433 వోల్టులకు తగ్గించి యిచ్చును.

వోల్టేజి తగ్గినకొలది ప్రవాహము పెరుగును. 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు తన నిండు భారమును మోయునప్పుడు పై వైపున, అనగా 11,000 వోల్టుల వైపున, సుమారు 5¼ యాంపియర్లు మాత్రమే ప్రవహించును. ఊరివైపున 133 యాంపియర్లు ప్రవహించును. పొలములలోని 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరునకు ఈ సంఖ్యలు 1.3, 33 యాంపియర్లు.

సౌర విద్యుత్కేంద్రమున ఈ పని తలక్రిందులుగా జరుగును. ఫలకములు ఉత్పత్తి చేయు ఏకముఖ విద్యుత్తును ఇన్వర్టరు అను యంత్రము మన లైన్లలో నుండునట్టి ప్రత్యావర్తక విద్యుత్తుగా మార్చును. దాని వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులకు పెంచి లైనులోనికి పంపును. ఇన్వర్టరు 800 వోల్టుల వద్ద పని చేయు కేంద్రములో 1,000 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు నిండుగా పని చేయునపుడు ఇన్వర్టరు వైపున 722 యాంపియర్లును, లైను వైపున 52½ యాంపియర్లును ప్రవహించును.

వేడియే శత్రువు

తీగచుట్టల మీద కాగితపు తొడుగు ఉండును. చుట్టలు నూనెలో మునిగియుండును. ఈ కాగితమును నూనెయు చెడనంతవరకు ట్రాన్స్‌ఫార్మరు చల్లగా పని చేయును. వీనిని చెడగొట్టునది వేడి. తీగలో పుట్టు వేడి ప్రవాహముతో సమముగా పెరుగదు. ప్రవాహము ఒకటిన్నర రెట్లయినచో వేడి రెండుంబావు రెట్లగును. ప్రవాహము రెండు రెట్లయినచో వేడి నాలుగు రెట్లగును. సాధారణ కాగితపు తొడుగు గల ట్రాన్స్‌ఫార్మరులో, చుట్టలోని మిక్కిలి వేడియైన తావున ఉష్ణోగ్రత నిర్ణీత పరిమితిని మించి ప్రతి 6 డిగ్రీలు పెరిగినపుడెల్ల కాగితము పాడగు వేగము రెట్టింపగునని అంతర్జాతీయ ప్రమాణములు చెప్పుచున్నవి.

ఉదాహరణకు 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరును చూతము. 5 హెచ్.పి. మోటారు సుమారు 7½ యాంపియర్లు తీసికొనును. నాలుగు మోటార్లకు 30 యాంపియర్లు. ట్రాన్స్‌ఫార్మరు హాయిగా మోయును. ఆరు మోటార్లు ఒక్కసారి నడిపినచో 45 యాంపియర్లగును. భారము మూడవ వంతునకు కొంచెము మించి పెరిగినది. కాని తీగలలోని వేడి నూటికి 80 వంతులు హెచ్చినది. ఇది నెమ్మదిగా చంపు వ్యాధి వంటిది.

రెండవది హఠాత్తుగా వచ్చు ఆపద. గాలివానకు తీగలు పెనవేసికొన్నను, చెట్టుకొమ్మ పడినను విద్యుత్తు అడ్డదారి పట్టును. దీనినే షార్టు సర్క్యూటు అందురు. అప్పుడు ప్రవాహమునకు ట్రాన్స్‌ఫార్మరు లోపలి ప్రతిబంధము తప్ప వేరు అడ్డు లేదు. పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లలో ఇది సాధారణముగా నూటికి 4½ వంతులుండును. కావున ప్రవాహము నిండు భారమునకు 22 రెట్ల వరకు పెరుగవచ్చును. 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు చెంతనే షార్టు సర్క్యూటు జరిగినచో ఊరివైపున 133 యాంపియర్లకు బదులు దాదాపు 2,900 యాంపియర్లు ప్రవహించును. ప్రమాణముల ప్రకారము నిర్మించిన ట్రాన్స్‌ఫార్మరు ఇట్టి తాకిడిని 2 సెకండ్లపాటు మాత్రము తట్టుకొనగలదు. ఆ 2 సెకండ్ల లోపుననే ఎవరో ఒకరు ప్రవాహమును త్రెంపివేయవలెను. ఆ పని మనుష్యుని వలన కాదు. అందులకై పుట్టినదే ఫ్యూజు.

అలుగు మీద ఇసుక బస్తాలు

మన చెరువులకు అలుగు ఉన్నది. చెరువు నిండి నీరు హద్దు మీరినపుడు అలుగు పొరలి కట్టను కాపాడును. నీరు వృథాగా పోవుచున్నదని తలచి అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చినచో ఆ సంవత్సరమునకు నాలుగు ఎకరములు ఎక్కువ పారవచ్చును. కాని ఒక పెద్ద వాన కురిసిన రాత్రి కట్ట తెగును. అప్పుడు పోవునది నాలుగు ఎకరముల పంట కాదు, చెరువే పోవును.

ఫ్యూజు స్థానమున లావు తీగ వేయుట సరిగా అలుగు మీద బస్తాలు పేర్చుట వంటిదే. ఫ్యూజు తీగ కావాలనియే బలహీనముగా చేయబడినది. ప్రవాహము మితిమీరినపుడు తాను కరగి, విలువైన ట్రాన్స్‌ఫార్మరును బ్రతికించుట దాని ధర్మము. తీగ మందము రెట్టింపు చేసినచో అది కరగుటకు కావలసిన ప్రవాహము రెట్టింపు గాక సుమారు 2.8 రెట్లగును. చేతికి దొరికిన తీగను నాలుగు పోగులు పేని బిగించినవారు, తెలియకయే, ఆ ట్రాన్స్‌ఫార్మరునకు కావలియే లేకుండ చేసినవారగుదురు. అప్పుడు కరగునది ఫ్యూజు కాదు, లోపలి చుట్టయే.

అట్లని సన్నని తీగ వేయుటయు సరికాదు. ట్రాన్స్‌ఫార్మరును లైనునకు కలిపిన క్షణమున, దాని ఇనుప దిమ్మె అయస్కాంతత్వమును పొందుటకై నిండు ప్రవాహమునకు 8 మొదలు 12 రెట్ల ప్రవాహమును సెకండులో స్వల్పభాగముపాటు లాగుకొనును. ఇది జబ్బు కాదు, యంత్ర స్వభావము. 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరునకు 11,000 వోల్టుల వైపున ఇది సుమారు 50 యాంపియర్లు కావచ్చును. ఊరివైపున చెంతనే షార్టు సర్క్యూటు జరిగినపుడు అదే పై వైపు ఫ్యూజు గుండ 115 యాంపియర్లు ప్రవహించును. మొదటిదానిని ఓర్చుకొని, రెండవదానికి వెంటనే తెగిపోవు ఫ్యూజు కావలెను. ఈ లెక్కను ఇంజనీరు చేయును. ఆయన నిర్ణయించిన ఫ్యూజును మార్చకుండుట మన పని.

ఫ్యూజు పోవుట ఒక వార్త. భారము మించినదనియో, ఎక్కడనో తీగ తాకినదనియో, మోటారు చుట్ట చెడినదనియో అది మనకు తెలియజేయుచున్నది. వార్త తెచ్చిన దూతను నోరు మూయించినంత మాత్రమున ఆపద తొలగదు.

రెండు దిక్కుల నుండి ప్రవాహము

ఇక సర్పంచి గారి ప్రశ్నకు వత్తము. పూర్వము ఊరి లైనులోనికి విద్యుత్తు ఒక దిక్కు నుండియే వచ్చెడిది. స్తంభము మీది ఏ.బి. స్విచ్చిని తీసివేసినచో క్రిందిభాగమంతయు నిర్జీవమని లైన్‌మన్ నమ్మెడివాడు. సౌరఫలకములు వచ్చిన తరువాత ప్రతి ఇంటి కప్పును ఒక చిన్న విద్యుత్కేంద్రమే. అక్కడ మిగిలిన విద్యుత్తు లైనులోనికి పోవును. అది ట్రాన్స్‌ఫార్మరు ఊరివైపు చుట్టలో ప్రవేశించినచో, పై చుట్టలో మరల 11,000 వోల్టులు పుట్టును. పెద్ద వోల్టేజిని తగ్గించు యంత్రమే చిన్న వోల్టేజిని పెంచునని పైన చెప్పియుంటిమి గదా!

ఈ కారణమున, లైనులో విద్యుత్తు ఆగిన వెంటనే సౌర ఇన్వర్టరు కూడ తనంత తాను ఆగిపోవలెనని నియమము విధింపబడినది. ప్రమాణములు ఇందులకు 2 సెకండ్ల గడువునిచ్చినవి. ఆ గ్రామమున ఎండ కాయుచున్నను పంకా తిరుగకపోవుటకు ఇదియే హేతువు. అది ఇన్వర్టరు లోపము కాదు; స్తంభము మీద పని చేయువాని ప్రాణమునకు రక్షణ. విద్యుత్తు పోయినపుడు గూడ మంచినీటి మోటారు నడువవలెనని పంచాయతీ తలచినచో, లైను నుండి పూర్తిగా విడిపోయి బ్యాటరీతో పని చేయునట్టి ప్రత్యేకమైన ఏర్పాటు ముందే చేయించుకొనవలెను. సామాన్య ఇన్వర్టరుకు ఎవరో మెకానికు చేత మార్పులు చేయించి నడుపుట కేవలము ప్రాణాంతకము.

ఇన్వర్టరు ఆగునను నమ్మకముతో మాత్రము లైను మీద చేయి వేయరాదు. యంత్రమును ఏనాడో ఒకనాడు తప్పు చేయవచ్చును. ఎవరింటనో జనరేటరు తప్పుగా కలిపియుండవచ్చును. కావున పై వైపు స్విచ్చిని, ఊరివైపు స్విచ్చిని, సౌర ఇన్వర్టరు స్విచ్చిని తెరచి, లైన్ క్లియర్ తీసికొని, విద్యుత్తు లేదని పరీక్షించి, తీగలను భూమికి కలిపిన పిమ్మటనే పని ఆరంభింపవలెను. ఈ పని లైన్‌మన్‌దే. మన రైతు సోదరులు అనేకులు రాత్రివేళ తామే ఫ్యూజు వేయబోయి ప్రాణములు పోగొట్టుకొనిన సంగతి సభ్యులకు తెలియనిది కాదు. ఒక్క దిక్కు విద్యుత్తు ఉన్న దినములలోనే అట్లు జరిగినది. నేడు దిక్కులు రెండు.

సూర్యుని వైపు ఫ్యూజు ఏల కరగదు?

ఇచట ఒక ముఖ్యమైన భేదమును గ్రహింపవలెను. పై లైను ఒక పెద్ద చెరువు వంటిది. గండి పడినచో నీరు ఉప్పెనవలె వచ్చును. సౌరఫలకము ఏటి ఇసుకలోని చెలమ వంటిది. ఎంత పెద్ద కాలువ తీసినను అందులో ఊరునంత నీరే పారును.

దాదాపు 550 వాట్ల సౌరఫలకము మంచి ఎండలో సుమారు 13 యాంపియర్లు ఇచ్చును. దాని రెండు కొసలను నేరుగా కలిపివేసి షార్టు చేసినను వచ్చునది సుమారు 14 యాంపియర్లు మాత్రమే. ఇన్వర్టరు కూడ అట్టిదే. తన లోపలి సున్నితమైన భాగములను కాపాడుకొనుటకై అది నిండు ప్రవాహమునకు సాధారణముగా 1.1 మొదలు 1.2 రెట్ల కంటె ఎక్కువ ఇవ్వదు. పైన చెప్పిన 722 యాంపియర్ల కేంద్రము షార్టు సర్క్యూటు సమయమున గూడ సుమారు 870 యాంపియర్లకు మించి ఇవ్వజాలదు. అదే చోటికి లైను వైపు నుండి వేలకొలది యాంపియర్లు వచ్చిపడును.

దీని ఫలితమేమి? ట్రాన్స్‌ఫార్మరు లోపల చుట్ట తగులుకొన్నచో లైను వైపు ఫ్యూజు గాని, బ్రేకరు గాని వెంటనే తెగును. ఇన్వర్టరు వైపు ఫ్యూజు మాత్రము, తనలోనుండి పోవుచున్నది మామూలు ప్రవాహమేయని తలచి, కదలక మెదలక కూర్చుండును. ఇన్వర్టరు అప్పుడును ఆగనిచో, లోపల నిప్పు రగులుచుండగా సూర్యుడు దానికి సమిధలు అందించుచున్నట్లగును. కావున సూర్యుని వైపున ఫ్యూజు ఒక్కటియే చాలదు. లైను వైపు బ్రేకరు తెగినంతనే ఇన్వర్టరు వైపు బ్రేకరునకు గూడ ఆజ్ఞ పోయి అదియు తెరచుకొనునట్లు ఏర్పాటుండవలెను. వోల్టేజిలో గాని, విద్యుత్తు కంపన సంఖ్యలో గాని తేడా వచ్చినచో ఇన్వర్టరు తానే వైదొలగవలెను. ఇదియే మేము చెప్పదలచిన రెండువైపుల కావలి.

ఫలకముల వైపు ఫ్యూజులను గూర్చియు ఒక మాట. మన లైన్లలోని ప్రత్యావర్తక విద్యుత్తు సెకండునకు 100 పర్యాయములు శూన్యమునకు వచ్చును. అందుచే ఫ్యూజు తెగినపుడు పుట్టు నిప్పురవ్వ ఆరుటకు వీలు కలుగును. ఫలకముల ఏకముఖ విద్యుత్తునకు అట్టి విరామము లేదు. నిప్పు సాగుచునే యుండును. కావున సౌరఫలకములకై తయారైన ఫ్యూజును మాత్రమే అచ్చట వాడవలెను. అంగడిలో దొరకు ఇంటి ఫ్యూజు దానికి ప్రత్యామ్నాయము కానేరదు.

పెద్ద కేంద్రములలోని రక్షణ

ఒక మెగావాటు కేంద్రమునకు కరగు తీగతో సరిపెట్టుట తగదు. అచ్చట సర్క్యూటు బ్రేకరు, దానికి ఆజ్ఞనిచ్చు రిలే యుండును. రిలే ఒక వివేకము గల కావలివాడు. స్వల్పముగా మించిన ప్రవాహమును కొంతసేపు ఓర్చుకొని చూచును. మిక్కుటముగా మించినదానిని క్షణములో త్రెంపించును. అంతట వాడుకలోనున్న ఒక రకపు అమరికలో, హద్దునకు 2 రెట్లు ప్రవాహము వచ్చినచో 1 సెకండునకును, 10 రెట్లు వచ్చినచో 0.3 సెకండునకును అది బ్రేకరును తెరపించును. ట్రాన్స్‌ఫార్మరును కలుపునపుడు వచ్చు క్షణిక ప్రవాహము అంతకంటె ముందే తగ్గిపోవును గనుక అనవసరముగా బ్రేకరు పడదు. గ్రామీణ లైన్లలో విద్యుత్తు దినమునకు పలుమార్లు పోయి వచ్చుచుండు చోట్ల ఈ ఓర్పు మిగుల అవసరము.

ఏ దోషమునకైనను దానికి దగ్గరనున్న కావలియే మొదట మేల్కొనవలెను. పంటకాలువకు గండి పడినచో ఆ పంటకాలువ తూమునే మూయుదుము గాని ప్రాజెక్టు తలుపులను దింపము. అట్లే పొలములోని దోషమునకు పొలము ఫ్యూజు, ట్రాన్స్‌ఫార్మరు దోషమునకు ట్రాన్స్‌ఫార్మరు బ్రేకరు తెగవలెను. సబ్‌స్టేషను అంతయు ఆగరాదు. రిలేల అమరికలను ఇన్వర్టరు సరఫరాదారు, పంపిణీ సంస్థ ఇంజనీరు కలిసి నిర్ణయించుట ఇందులకే.

నూనె నింపిన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు బుకోల్జ్ రిలే అను మరియొక కావలి కలదు. 1921లో జర్మనీ దేశస్థుడు మాక్స్ బుకోల్జ్ దీనిని కనిపెట్టెను. చుట్టలో చిన్న దోషము పుట్టినపుడు నూనె మరగి బుడగలు లేచును. ఆ వాయువు ఈ రిలేలో చేరినంతనే గంట మ్రోగును. నూనె ఒక్కసారిగా ఉబికినచో బ్రేకరు తెగును. ఫ్యూజు గుర్తింపజాలని తొలిదశలోనే జబ్బును పట్టుకొనగల వైద్యుడు ఇది. నూనె వేడిని, చుట్టల వేడిని చూపు మాపకములు కూడ యుండును. గంట మ్రోగుచున్నదని దాని తీగను ఊడదీయు కాపలాదారుకు, లావు తీగ వేసిన సభ్యునికి భేదము లేదు.

పగలు కానరాని భారము

సౌర విద్యుత్తు మరియొక విధముగా మనలను మభ్యపెట్టవచ్చును. 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు క్రింద ఇండ్ల కప్పుల మీద 50 కిలోవాట్ల ఫలకములు ఉన్నవనుకొందము. మధ్యాహ్నము ఊరు 80 కిలోవాట్లు వాడుచున్నను ట్రాన్స్‌ఫార్మరు గుండ వచ్చునది 30 కిలోవాట్లు మాత్రమే. "ఇంకను చాల ఖాళీ యున్నది" అని తలచి మరికొన్ని సర్వీసులు ఇచ్చినచో, ప్రొద్దు గ్రుంకిన తరువాత ఫలకములు నిద్రించును; దీపములు, పంకాలు, కూలర్లు, టెలివిజనులు మేల్కొనును. అప్పటి భారమంతయు ట్రాన్స్‌ఫార్మరు ఒక్కటే మోయవలెను. కావున భారమును కొలువవలసినది మధ్యాహ్నము కాదు, సాయంకాలము 7 మొదలు 10 గంటల మధ్య.

దీనికి విపరీతముగా, ఆదివారమునో పండుగనాడో వాడుక తగ్గి, ఎండ నిండుగా కాసినచో విద్యుత్తు ఎదురు దిశలో ప్రవహించును. ఎదురు ప్రవాహమైనను చుట్టను వేడి చేయుట మానదు. అందుచే ఫలకముల మొత్తము సామర్థ్యము ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యమునకు తగినట్లుండవలెను. అనుమతి లేకుండ ఫలకములను పెంచుకొనుట పొరుగువారి దీపమును ఆర్పుటయే.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

ఇంజనీరు పనిని పంచాయతీ చేయనవసరము లేదు. కాని కొన్ని విషయములు అడిగి తెలిసికొనుట, కొన్ని కనిపెట్టి చూచుట సభ్యుల చేతిలోని పని.

మొదటిది: సౌర కేంద్రమును స్వాధీనపరచుకొను దినమున విద్యుత్తు మార్గమును చూపు పటమును, ఫ్యూజుల యాంపియర్లను, రిలేల అమరికలను వ్రాతపూర్వకముగా తీసికొని కార్యాలయమున భద్రపరుపవలెను. "లైను పోయినపుడు ఇన్వర్టరు ఆగుచున్నదా? లైను బ్రేకరు పడినపుడు ఇన్వర్టరు బ్రేకరు కూడ పడుచున్నదా?" అని అడిగి, కన్నులార చూచిన పిమ్మటనే సంతకము చేయవలెను.

రెండవది: ప్రతి రకపు ఫ్యూజునకు రెండు మూడు బదులు ఫ్యూజులను కొని, వాని మీద యాంపియర్లు వ్రాసియుంచవలెను. లావు తీగ వేయుటకు తరచుగా కారణము దురుద్దేశము కాదు, సమయమునకు సరియైన ఫ్యూజు దొరకకపోవుటయే.

మూడవది: ఒక పుస్తకము పెట్టి, ఫ్యూజు గాని బ్రేకరు గాని పోయిన తేదీని, వేళను, కారణమును వ్రాయింపవలెను. ఒక నెలలో మూడు పర్యాయములు ఒకే ఫ్యూజు పోయినట్లు ఆ పుస్తకము చూపినచో ఇంజనీరును పిలువవలెను. విద్యుత్ ఫిర్యాదులకు 1912 నంబరు కలదు.

నాలుగవది: ట్రాన్స్‌ఫార్మరు చుట్టును పిచ్చిమొక్కలు, తీగజాతి మొక్కలు పెరుగనీయరాదు. కంచెకు తాళముండవలెను. నూనె కారుచున్నదేమో, రొద మారినదేమో కాపలాదారు గమనింపవలెను. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకుండు గాజు గొట్టములోని నీలి గుళికలు గులాబి రంగునకు మారినచో తేమ చేరినదని గుర్తు. భూమికి కలిపిన తీగలు తెగకుండునట్లు చూడవలెను.

ఐదవది: అనుమతి లేని మోటార్లను, అనుమతి లేని ఫలకములను గూర్చి గ్రామసభలో నిర్మొగమాటముగా మాటలాడవలెను. ఇది కష్టమైన పని. అందులో బంధువులుందురు, ఓటు వేసినవారుందురు. కాని ట్రాన్స్‌ఫార్మరు కాలిననాడు ఎండునది అందరి పొలము.

ఆ గ్రామమునకు మేము మరల పోయినపుడు క్రొత్త ట్రాన్స్‌ఫార్మరు బిగింపబడియుండెను. ఫ్యూజు పెట్టె ప్రక్కన గోడ మీద, ఏ ఫ్యూజు ఎన్ని యాంపియర్లో రంగుతో వ్రాసియున్నది. దాని క్రింద, "ఇది మాత్రమే వేయవలెను. వేయువాడు లైన్‌మన్ మాత్రమే" అని యున్నది. వ్రాయించినవారెవరని మేము అడుగగా, సర్పంచి గారు చిరునవ్వుతో, లావు తీగ వేయించిన ఆ పెద్ద సభ్యుని చూపిరి. ఆయన, "అలుగు మీద బస్తాలు వేయకూడదని మా నాయన చెప్పేవాడు. ఇదీ అంతేనని మాకు తెలియక పోయింది" అనిరి.

సూర్యుడు అందరి కప్పుల మీదను సమానముగా ప్రకాశించును. ఆ వెలుగును దీపముగా, నీరుగా, పంటగా మార్చుకొనుటకు నడుమ నిలిచిన యంత్రమును కాపాడుకొనుట మన వంతు. కరగవలసిన చోట ఫ్యూజును కరగనిండు. ఆగవలసిన చోట ఇన్వర్టరును ఆగనిండు. రెండువైపుల కావలి మేల్కొనియున్నంతకాలము ఊరు నిశ్చింతగా నిద్రింపగలదు.